జన్యుశాస్త్ర పరిభాష: కొన్ని మాటల మంచిచెడ్డలు

ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక విద్యార్థి తన జవాబుపత్రంలో ఇట్లా వ్రాసినాడు: "సికిల్ సెల్ జన్యువు అంతర్గతమైనది కనుక రక్తంలో, అనగా శరీరం లోపల వుంటుంది. బహిర్గత జన్యువులు చర్మంలోను, వెంట్రుకలలోను వుంటవి." చదవగానే నాకు నవ్వు వచ్చినది. తరువాత ఆలోచించి చూడగా, ఆ నవ్వు న్యాయమైనది కాదని తోచినది. ఆ పిల్లవాడు చేసిన తప్పేమిటి? మనం ఇచ్చిన మాటను నమ్మినాడు. బహిర్గతమంటే బయటికి వచ్చినది, అంతర్గతమంటే లోపల వున్నది అని తెలుగు తెలిసిన వారెవరైనా చెప్పగలరు. తెలిసిన భాషను ఉపయోగించుకొని తెలియని విషయాన్ని ఊహించినాడు. ఊహ తప్పినది.

పారిభాషిక పదానికి రెండు బాధ్యతలు వున్నవి. చెప్పదలచిన వస్తువును చూపించటం మొదటిది. చెప్పదలచని వస్తువును చూపించకుండా వుండటం రెండవది. రెండవదే కష్టం. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత కళాశాల స్థాయికి కావలసిన విజ్ఞాన గ్రంథాలూ, పరిభాషా తెలుగులో సమకూడినవి. ఆ కృషి చిన్నది కాదు. దానివల్లనే ఈనాడు మనం జన్యుశాస్త్రాన్ని తెలుగులో బోధించగలుగుతున్నాము. అయితే పదం పుట్టగానే పని తీరదు. తరగతి గదిలో అది ఎట్లా నడుస్తున్నదో అప్పుడప్పుడు పరీక్షించవలసి వుంటుంది. ఆ దృష్టితో కొన్ని మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

మొదట బహిర్గతం, అంతర్గతం అనే జంటను తీసుకొందాము. ఈ భావాలకు కర్త గ్రెగర్ మెండెల్. ఆయన బ్రనో నగరంలోని మఠంలో 1856 నుండి 1863 వరకు బఠానీ మొక్కలపై ప్రయోగాలు చేసి, 1865 ఫిబ్రవరి, మార్చి నెలలలో ఫలితాలను చదివినాడు. వ్యాసం 1866లో అచ్చయినది. గుండ్రని గింజల మొక్కను, ముడుతలు పడిన గింజల మొక్కతో సంకరం చేస్తే, మొదటి తరం గింజలన్నీ గుండ్రనివే అయినవి. రెండవ తరంలో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడుతల గింజలు వచ్చినవి. అనగా దాదాపు మూడింటికి ఒకటి. సంకరంలో కనిపించకుండా వెనుకకు తగ్గి, మరుసటి తరంలో చెక్కుచెదరకుండా తిరిగి వచ్చిన లక్షణానికి ఆయన "వెనుకకు తగ్గినది" అనే అర్థం వచ్చే మాటను వాడినాడు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మెండెల్ ఈ మాటలను లక్షణాలకు పెట్టినాడు, జన్యువులకు కాదు. జన్యువు అనే భావానికి పేరు 1909లో యోహాన్సెన్ పెట్టినాడు. లక్షణానికి పుట్టిన విశేషణం క్రమంగా జన్యువుకు అంటుకొన్నది. మన చిక్కు అక్కడ మొదలయినది. ఇది తెలుగుకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు, ఇంగ్లీషులోనూ వున్నది.

నిజానికి అంతర్గతమనే మాటలో ఒక గుణం వున్నది. అది బలాబలాలను సూచించదు, "అణగి వున్నది" అని మాత్రమే చెబుతుంది. మెండెల్ ఉద్దేశానికి ఇది దగ్గరగానే వున్నది. కాని మనలో చాలామంది ఉపాధ్యాయులము తేలికగా బోధపడుతుందని "బలమైన జన్యువు, బలహీనమైన జన్యువు" అని చెప్పివేస్తాము. ఈ వైద్యం రోగం కంటె చెడ్డది. ఒక జన్యువు మరొక జన్యువుతో కుస్తీ పట్టి దానిని పడగొట్టదు.

మరి లోపల జరిగేదేమిటి? ముడుతల బఠానీ సంగతి 1990లో తేలినది. పిండిపదార్థానికి శాఖలు ఏర్పరచే ఒక ఎంజైమును తయారుచేసే జన్యువులో అదనపు డి.ఎన్.ఎ. తునక దూరి, ఆ జన్యువును చెడగొట్టినది. అందువల్ల గింజలో పిండి తగ్గి చక్కెర పెరుగుతుంది. చక్కెర ఎక్కువైన గింజ ఎక్కువ నీటిని పట్టివుంచుకొంటుంది. ఎండినప్పుడు ఆ నీరు పోయి పైతోలు ముడుతలు పడుతుంది. జంటలో ఒక్క మంచి జన్యువు వున్నా గింజ గుండ్రంగా వుండటానికి చాలినంత ఎంజైము తయారవుతుంది. గుండ్రదనం "బహిర్గతం" కావటానికి కారణం ఇంతే. అదే సంకర గింజలోని పిండిరేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే, వాటి పరిమాణం రెండు రకాలకూ మధ్యస్థంగా వుంటుంది. గింజ ఆకారాన్ని చూస్తే పూర్తిగా బహిర్గతం, పిండిరేణువును చూస్తే అసంపూర్ణం. కనుక బహిర్గతత్వం జన్యువు యొక్క స్వభావం కాదు. ఏ లక్షణాన్ని, ఏ జతలో, ఏ స్థాయిలో చూస్తున్నామన్న దానిపై అది ఆధారపడి వుంటుంది.

రెండవ అపోహ, బహిర్గతమైనది ఎక్కువమందిలో వుంటుందనుకోవటం. హంటింగ్టన్ వ్యాధి బహిర్గతం, కాని అరుదు. ఓ రక్తవర్గం అంతర్గతం, అయినను లోకంలో అతి సాధారణం. ఈ రెండు ఉదాహరణలను నల్లబల్ల మీద పక్కపక్కన వ్రాస్తే చాలు, అపోహ తొలగిపోతుంది.

ఇక యుగ్మవికల్పం. యుగ్మం అంటే జంట. ఒక మనిషిలో ఒక జన్యువుకు రెండు ప్రతులు వుంటవి కనుక ఈ పేరు తప్పు కాదు. కాని విద్యార్థి లోకంలోనే రెండు రూపాలు వుంటవని అనుకొంటాడు. ఎ, బి, ఓ రక్తవర్గాల పాఠంలో మూడు రూపాలు ఎదురుకాగానే తికమకపడతాడు. ఒక్కొక్కరిలో రెండు, జనాభాలో ఎన్నయినా వుండవచ్చునని ముందే చెప్పాలి. క్షయకరణ విభజనకు కూడా ఇట్టి దోషమే వున్నది. క్షయ అనగానే పిల్లలకు జబ్బు గుర్తుకు వస్తుంది. తగ్గేది క్రోమోసోముల సంఖ్య, అదీ సరిగా సగానికి, అని ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది. జన్యురూపం, దృశ్యరూపం అనే జంట మాత్రం చక్కగా కుదిరినది. దృశ్యమన్నది కంటికి కనిపించేది మాత్రమే కాదనీ, రక్తవర్గం కూడా అందులో చేరుతుందనీ జ్ఞాపకం చేస్తే చాలు.

ఇప్పటివరకు చెప్పిన తప్పులకు మార్కులే పోతాయి. వాహకం అనే మాట వల్ల కలిగే నష్టం అంతటితో ఆగదు. "మలేరియా వ్యాధికి ఆడ అనాఫిలిస్ దోమ వాహకం" అని పిల్లలు చదువుతారు. తరువాత జన్యుశాస్త్రంలో "ఈమె సికిల్ సెల్ వాహకురాలు" అని చదువుతారు. మొదటి మాటకు రోగాన్ని ఒకరినుండి మరొకరికి చేరవేసేదని అర్థం. రెండవ మాటకు ఒక మారిన జన్యువు, ఒక మామూలు జన్యువు కలిగి, సాధారణంగా ఆరోగ్యంగా వుండే మనిషి అని అర్థం. ఒకే మాట రెండు చోట్ల వినిన పిల్లవాడు, ఆ అమ్మాయి పక్కన కూర్చుంటే తనకు జబ్బు అంటుకొంటుందని భయపడితే, ఆ తప్పు ఎవరిది?

2023 జులైలో భారత ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించినది. గిరిజన ప్రాంతాలలో రక్తపరీక్షలు చేసి ఫలితాన్ని కార్డుపై తెలియజేయటం అందులో భాగం. ఏజెన్సీ పాఠశాలలోని బాలిక చేతికి వచ్చే కార్డును మొదట చదివి చెప్పవలసినవాడు, చాలా చోట్ల, సైన్సు ఉపాధ్యాయుడే. కనుక అతడు స్పష్టంగా చెప్పగలగాలి: ఇది అంటుకొనేది కాదు. హీమోగ్లోబిన్ యొక్క బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ వచ్చి చేరినది. ఈ మార్పును ఇంగ్రామ్ 1950లలో కనుగొన్నాడు. ఒక్క సికిల్ జన్యువు వున్నవారిలో రెండు రకాల హీమోగ్లోబినూ తయారవుతుంది. అట్టివారికి తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ వుంటుందని 1954లో ఆలిసన్ చూపినాడు. చూడండి, మలేరియాకు దోమ వాహకం, ఆ మలేరియాను కొంత తట్టుకొనేవాడు సికిల్ వాహకుడు! ఒక్క వాక్యంలో ఒకే మాట ఇట్లా రెండు దిక్కులకు లాగుతున్నది. మాటను దోమకు వదిలివేసి, మనిషి విషయంలో "ఒక్క సికిల్ జన్యువు కలవారు" అనటమే నాకు మేలుగా తోస్తున్నది. కొంచెం పొడవయినా అపకారం చేయదు.

చివరిగా వంశపారంపర్యం. ఇది అందరి నోటా వున్న మాట కనుక ఎక్కువ జాగ్రత్త అవసరం. వంశంలో తరతరానికి కనబడేదే వంశపారంపర్యమని జనుల అభిప్రాయం. అందువల్లనే తలసీమియా వున్న బిడ్డ పుట్టినప్పుడు "మా వంశంలో ఎవరికీ లేదు" అని తండ్రి తరఫువారు అనటమూ, నింద తల్లి మీద పడటమూ జరుగుతున్నది. అంతర్గత వ్యాధి విషయంలో ఆ జన్యువు ఇరువురి నుండీ రావాలి. ఎన్నో తరాలు ఎవరిలోనూ కనబడకుండా నడిచి రావచ్చును. కనబడలేదన్నది లేదనటానికి సాక్ష్యం కాదు. మెండెల్ ముడుతల గింజ చెప్పిన నీతి సరిగా ఇదే. ఈ కారణంగా పుస్తకాలలోని అనువంశికత అనే మాట మేలైనది. వంశపారంపర్యమనే మాటను వాడక తప్పనిచోట ఈ వివరణ జతపరచాలి.

మేనరికాలు మనలో వాడుక కనుక ఈ పాఠం మనకు దూరమైనది కాదు. ఈ విషయమై ఆంధ్రప్రదేశ్‌లో హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ చేసిన పరిశీలన 1963లో ప్రచురితమయినది. మేనత్త, మేనమామ బిడ్డలకు సగటున జన్యువులలో ఎనిమిదింట ఒక వంతు, మేనమామ మేనకోడళ్లకు నాలుగింట ఒక వంతు ఉమ్మడిగా సంక్రమిస్తవి. అణగివున్న ఒకే జన్యువు ఇద్దరిలోనూ వుండే అవకాశం అందువల్ల పెరుగుతుంది. ఇద్దరిలోనూ వుంటే ప్రతి కాన్పులోను బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "నలుగురు పిల్లలలో ఒకరికి వస్తుంది" అని చెప్పటం పొరపాటు. మొదటి బిడ్డకు వచ్చినది కనుక తక్కిన ముగ్గురికీ భయం లేదని నమ్మి మోసపోయే కుటుంబాలు వుంటవి.

ఇన్ని దోషాలు చెప్పినాను కనుక కొత్త పదకోశం కావాలని నా వాదన కాదు. పేర్లు పదేపదే మారితే నేర్చుకొన్నవారు కూడా నష్టపోతారు. నా కోరిక ఒక్కటే. ప్రతి పదాన్ని నిర్వచనంతోపాటు "ఇది ఏది కాదు" అన్న వాక్యంతో కూడా బోధించాలి. పరీక్షలలోనూ "బహిర్గతత్వాన్ని నిర్వచింపుము" అని అడిగి వూరుకోక, "ఓ రక్తవర్గం అంతర్గతమై కూడా ఎట్లా సాధారణమయినది?" అని అడగాలి. కంఠస్థం చేసినవాడెవడో, గ్రహించినవాడెవడో అప్పుడు తెలుస్తుంది.

ఆ విద్యార్థి జవాబుకు నేను సున్న వేయలేదు. పక్కన ఒక ప్రశ్న వ్రాసినాను: "ఓ రక్తవర్గం రక్తంలోనే వున్నది, ఎబి వర్గమూ రక్తంలోనే వున్నది. మరి లోపలిదేది, బయటిదేది?" మరునాడు అతడు పుస్తకం పట్టుకొని నా గదికి వచ్చినాడు. మాట పెట్టిన చిక్కును మాటతోనే విప్పుకొన్నాము.