గుంటూరు గ్రహణం, హీలియం: ఒక వాక్యంపై విమర్శ

1868 ఆగస్టు 18న ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించాడు. హీలియం అక్కడే కనుగొనబడిందన్న వాక్యం తెలుగు విజ్ఞాన రచనల్లో తరచుగా కనిపిస్తుంది. స్థానికాభిమానానికి అది ప్రియమైన వాక్యమే. కాని గీతను చూడడం, పదార్థాన్ని గుర్తించడం, దాని పాలు కొలవడం అనే మూడు వేర్వేరు పనులు అందులో ఒకటిగా కలిసిపోయాయి.

జాన్సెన్ సాధించినది చిన్నదేమీ కాదు. సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటంలో ప్రకాశరేఖలను చూసి, అవి వాయురూపమని గ్రహించాడు; మరునాడు గ్రహణం లేకుండానే వాటిని పరిశీలించాడు. అయితే కొత్త మూలకాన్ని ఆయన ప్రకటించలేదు. పసుపు గీత సోడియం గీతతో కలవడం లేదని అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ చూపాడు. భూమిపై హీలియం 1895లో గాని రామ్సేకు చిక్కలేదు.

పాలు విషయం మరింత జటిలం. గీత ఎంత మెరిస్తే పదార్థం అంత ఉన్నదనుకోవడం పొరపాటు. ఏ ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఎన్ని పరమాణువులు అయాన్లవుతాయో 1920లో మేఘనాథ్ సాహా సూత్రం తెలిపింది. దాని ఆధారంగానే 1925లో సిసీలియా పేన్ నక్షత్రాలలో హైడ్రోజన్, హీలియంలదే పైచేయి అని లెక్క తేల్చింది. నాటి పసుపు గీత ఎలక్ట్రాన్లు కోల్పోని హీలియంది. ఒక ఎలక్ట్రాను పోతే గీతలు మారతాయి. రెండూ పోతే గీతే ఉండదు; కాంతినిచ్చేందుకు ఎలక్ట్రాను మిగలదు గదా!

సౌరపవనంలో హీలియం ప్రధానంగా ఈ చివరి స్థితిలోనే ఉంటుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి బయలుదేరిన ఆదిత్య-ఎల్1లో, అహ్మదాబాదు భౌతిక పరిశోధనాలయం నిర్మించిన స్విస్ పరికరం అందుకే కాంతిని చూడదు; వచ్చి పడే అయాన్లనే లెక్కిస్తుంది. అయాను శక్తిని దాని ఆవేశంతో భాగించిన విలువ ఇక్కడ కీలకం. ఒకే వేగంతో వస్తున్నప్పుడు ప్రోటానుకున్న విలువకు హీలియం అయాను విలువ రెట్టింపు. ద్రవ్యరాశి నాలుగింతలు, ఆవేశం రెండింతలు కావడమే కారణం. కనుక లెక్కింపు పటంలో రెండు శిఖరాలు విడివిడిగా నిలుస్తాయి. ప్లాస్మా వేడెక్కితే శిఖరాలు వెడల్పై ఒకదానిపైకి ఒకటి ఒరుగుతాయి. ఆరు ఎలక్ట్రాన్లూ పోయిన కార్బన్ సైతం హీలియం స్థానంలోనే పడుతుంది. ఈ చిక్కులు చెప్పకుండా ఇచ్చిన శాతాన్ని మిశ్రమపు కొలత అనలేము.

ఆ శాతానికి విలువ ఉన్నది. సాధారణ సౌరపవనంలో ప్రోటాన్లతో పోల్చితే హీలియం అయాన్లు నూటికి నాలుగైదుకు మించవు. సూర్యవిస్ఫోటనం నుండి వచ్చిన ప్లాస్మాలో ఎనిమిది దాటడం తరచుగా కనిపిస్తుంది.