ఎనిమిది అంకెల తాళము

గాలిలో ప్రసరించు రేడియో తరంగములు ఇంటి గోడతో ఆగిపోవు. అందుచేత ఇంటిలోని వైఫైకి పొడవైన పాస్‌వర్డు పెట్టుకొనుమని అందరును చెప్పుదురు. దానిని ప్రతి పరికరములోను టైపు చేయు శ్రమ తప్పింపనెంచి, వైఫై అలయన్స్ అను సంస్థ 2006–07 ప్రాంతమున డబ్ల్యూ.పి.ఎస్. అను పద్ధతిని ప్రవేశపెట్టినది. రూటరు అడుగున అంటించిన చీటీపై ఎనిమిది అంకెల సంఖ్య యుండును. దానిని తెలిపినచో రూటరే అసలు పాస్‌వర్డును అందించును. ఉద్దేశము మంచిదే, చిక్కంతయు లెక్కలో వచ్చినది.

ఎనిమిది అంకెలతో 10 కోట్ల సంఖ్యలు ఏర్పడును. కాని చివరి అంకె స్వతంత్రమైనది కాదు. మొదటి ఏడింటినుండి గణింపబడునది. కనుక మిగిలినవి ఒక కోటి. ఇంతవరకు పెద్ద నష్టము లేదు. అసలు పొరపాటేమనగా, రూటరు ఈ సంఖ్యను రెండు ముక్కలుగా పరీక్షించును. మొదటి నాలుగంకెలు తప్పైనచో అక్కడనే తిరస్కరించును. అనగా దొంగకు తాళమే "సగము కుదిరినది" అని చెప్పుచున్నట్లు! మొదటి సగమునకు 10,000 ప్రయత్నములు, రెండవ సగమునకు 1,000. వీనిని గుణింపవలసిన పని లేదు, కూడిన చాలును: 11,000. ప్రయత్నమునకు రెండు సెకనులనుకొన్నను, కోటి సంఖ్యలకు 231 రోజులు పట్టును. 11,000కు ఆరు గంటలకు కొంచెము పైన. తరగతిలో సంకలన, గుణకార సూత్రముల భేదమును బోధించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదేమో.

ఈ విభజన కేవలము అజాగ్రత్తవలన జరిగినది కాదు. ఎదుటి పరికరము నకిలీదైనచో సంఖ్య అంతయు ఒక్కమారే దాని చేజిక్కరాదని అట్లు చేసిరి. ఒక ద్వారమును కాపాడబోయి మరియొక ద్వారమును తెరచిరి. 2011 డిసెంబరులో ఆస్ట్రియాకు చెందిన స్టెఫాన్ వీబెక్ ఈ లోపమును వెల్లడించెను; క్రెయిగ్ హెఫ్నర్ కూడ స్వతంత్రముగా దీనిని కనుగొనెను.

గృహస్థుడు ఎంత కఠినమైన పాస్‌వర్డు పెట్టినను, ఈ దారిన అది వ్యర్థము. ఆ మాట అతనికి ఎవరును చెప్పలేదు. ఈ పద్ధతిపై తగవలసిన పెద్ద ఆక్షేపణ ఇదియే. తరువాతి రూటరులు పెక్కింటిలో కొన్ని తప్పు ప్రయత్నములు జరిగినంతనే ఈ మార్గము మూతపడునట్లు చేసిరి. 2018లో వచ్చిన డబ్ల్యూ.పి.ఎ.3లో దీనికి తావు లేదు. పాత రూటరు గలవారు సెట్టింగులలో ఈ సంఖ్యా పద్ధతిని ఆపివేయవచ్చును. మీట నొక్కి కలుపు పద్ధతిలో ఈ లోపము లేదు. అది రెండు నిమిషములు మాత్రమే తెరచియుండును. ఆపివేసినను ఆగని పాత పరికరములు కొన్ని కలవు. వానికి తయారీదారుని కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కింపవలెను, అది లేనిచో మార్చివేయవలెను.