డెబ్బయిరెండు మేళాల కుర్రవాడు

మీసమైనా రాని కుర్రవాడు డెబ్బయిరెండు మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టాడంటే ఎవరికైనా ముందు అనుమానమే వస్తుంది: అది సంగీతమా, ఎక్కాల పుస్తకమా? మంగళంపల్లి బాలమురళీకృష్ణ పద్నాలుగో ఏట మొదలుపెట్టి పదహారో ఏటికల్లా ముగించిన ఆ రచనలు 1952లో ‘జనక రాగ కృతి మంజరి’గా వెలువడ్డాయి. బాలమేధావి విన్యాసమని మెచ్చుకుని వాటిని పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ మెప్పు కూడా ఒకరకం నిర్లక్ష్యమే. ఆయన పెద్దయ్యాక చేసిన సాహసాలకు వేళ్లు అక్కడే ఉన్నాయి.

1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన ఆయనకు తండ్రి పట్టాభిరామయ్య నుంచి వేణువూ, తల్లి సూర్యకాంతమ్మ నుంచి వీణా వారసత్వంగా వచ్చాయి. తల్లి మాత్రం పసికందుగా ఉండగానే పోయింది. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. త్యాగరాజు, మానంబుచావడి వెంకటసుబ్బయ్య, సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, ఆ తర్వాత పంతులు: వరస ఇంత సూటిది. ఎనిమిదో ఏట విజయవాడ త్యాగరాజ ఆరాధనలో పాడితే, హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ పేరుకు ముందు ‘బాల’ చేర్చారు.  ఏలూరు పక్కనున్న సోమవరప్పాడులో 1926లో పుట్టిన వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామికీ పంతులే గురువు. బాలమురళి కొత్త రాగాలు కట్టినట్టే రామస్వామీ వందన, శ్రీవిద్య అనే రాగాలనూ, త్రినేత్రాది, వేదాది అనే తాళాలనూ కల్పించారు. ఒకే గురువు శిష్యులిద్దరు కొత్త రాగాలు కట్టడం కాకతాళీయమని కొట్టేయలేం. సంప్రదాయమంటే ఉన్నది అప్పగించడమే కాదు, కట్టే చేయి తయారుచెయ్యడం కూడానని ఆ ఇద్దరినీ చూస్తే అనిపిస్తుంది.

మేళకర్తల లెక్క తేలికే. షడ్జ పంచమాలు కదలవు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు, మధ్యమాలు రెండు. అన్నీ గుణిస్తే డెబ్బయిరెండు. చిక్కంతా పాడటంలోనే. మొదటి మేళం కనకాంగిని హార్మోనియం మీద పట్టి చూడండి. షడ్జం, రిషభం, గాంధారం మూడు మెట్లూ భుజాలు రాసుకుంటూ ఉంటాయి. తర్వాత రెండు మెట్లు దాటితే గాని మధ్యమం అందదు. పంచమం దగ్గర మళ్లీ అదే ఇరుకు, నిషాదం దాటాక మళ్లీ అదే ఎడం. చతుశ్రుతి రిషభం మోగాల్సిన మెట్టే ఇక్కడ గాంధారమని చెప్పుకుంటుంది. ఇరుకులో ఉన్న స్వరాన్ని కంపిస్తే పక్కదాని మీద పడుతుంది. కంపించకపోతే కర్ర ముక్కలా ఉంటుంది. ఎక్కడ నిలవాలో, ఎక్కడ తాకీ తాకనట్టు దాటాలో కృతి కట్టేవాడే తేల్చాలి. ఇలాంటి వివాది మేళాలు డెబ్బయిరెండింటిలో నలభై.

మేళం మెట్ల వరస మాత్రమే, రాగానికి నడక కావాలి, అది తరాల వాడుకలో రావాలి గాని పుస్తకం ముందేసుకుంటే రాదని విద్వాంసులంటారు. నిజమే. కానీ ఆ వాడుక మొదలయ్యేది ఎక్కడ? ఖరహరప్రియకు ఈనాడున్న నిండుదనం త్యాగరాజ కృతులు పోసిందే; పాటలు లేకుండా అది ఇరవైరెండో నంబరుగానే మిగిలేది. త్యాగరాజు వరస పెట్టుకుని డెబ్బయిరెండూ పూర్తి చెయ్యాలనుకోలేదు గదా అంటే, అదీ ఒప్పుకోవలసిందే. బాలమురళి మేళకర్త కృతులన్నీ ఒకే ఎత్తున లేవు, కచేరీల్లో వినిపించేవి కొన్నే. అయితే ఆ పని తలకెత్తుకున్నది ఆయనొక్కరే కాదు. అంతకుముందే మహావైద్యనాథయ్యర్ మేళరాగమాలిక కట్టారు, కోటీశ్వరయ్యర్ తమిళంలో డెబ్బయిరెండు కృతులు రాశారు. కుర్రవాడు దిగింది అంతంత పెద్దవాళ్లు ఈదిన నీళ్లలోకి.

బాలమురళి కట్టిన కొత్త రాగాల మీదా తగాదా వచ్చింది. వీణ ఎస్. బాలచందర్ బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. నాలుగు స్వరాలతో రాగమేమిటన్నది శాస్త్రపరంగా అడగదగ్గ ప్రశ్నే. కానీ ఆయన కట్టిన అలాంటి నాలుగు స్వరాల రాగం లవంగిని కనకాంగి పక్కన పెట్టి వాయించండి. షడ్జం, శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం: లవంగిలో ఉన్నవి ఇంతే. కనకాంగిలో ఇరుకు పెట్టిన గాంధార నిషాదాలను తీసేసి, వాటితోపాటు పంచమాన్నీ వదిలేస్తే మిగిలేది సరిగ్గా ఇదే. హార్మోనియం మీద షడ్జ రిషభాలు ఇంకా పక్కపక్కనే ఉన్నా, మిగతా స్వరాల మధ్య ఇప్పుడు గాలి ఆడుతుంది; రిషభాన్ని పైవైపు కావలసినంత ఊపవచ్చు, ధైవతం మీద ఊపిరి ఉన్నంతసేపు నిలబడవచ్చు.