మాటల ఊరిని మూటగట్టే విద్య

ఒక ప్లస్ గుర్తు, పక్కన ఇంగ్లిష్ అక్షరం ఎక్స్, ఆపైన కొన్ని అంకెలు. టైనీమక్స్ ఆట డేటాబేస్‌ను ఫ్లాట్‌ఫైల్‌గా, అంటే మామూలు అక్షరాల ఫైలుగా, తీసి ఎడిటర్‌లో తెరిస్తే మొదటి వరుసలో కనిపించేది ఇదే. ఇంకొంచెం కిందికి దిగితే ఆశ్చర్యార్థకం, దాన్ని అంటుకుని సున్న. అది ఆటలో తొలి గది, పేరు లింబో. ఆ తర్వాత ఆశ్చర్యార్థకం, ఒకటి. అది ఆటను నడిపే విజార్డ్. ప్రతి వస్తువు కిందా బాణం మొనలాంటి > గుర్తు, పక్కన ఒక నంబరు ఉంటాయి. 5 అయితే పాస్‌వర్డ్, 6 అయితే వర్ణన. మొన అటు తిరిగి < గుర్తు వచ్చిందంటే ఆ వస్తువు సంగతి అయిపోయినట్టు. వేల వస్తువులు ఇలా వరుసగా సాగి, ఆఖరి వరుసలో మూడేసి నక్షత్రాల నడుమ ‘ఎండ్ ఆఫ్ డంప్’ అని ఉంటుంది.

ఒక ఊరు మొత్తం ఇందులో ఉంది. గదులు, దారులు, మనుషులు, వాళ్ల జేబుల్లో వస్తువులు, గోడ మీద ఎవరో అంటించిపోయిన కాగితం, అన్నీ. ఈ మూటను విండోస్ నుంచి లినక్స్‌కో, లినక్స్ నుంచి విండోస్‌కో దాటించే పని చేసినవాళ్లకు తెలుసు, ఇది ఫైలు కాపీ చేసినంత తేలిక కాదు.

బొమ్మలు లేకుండా, నెట్‌వర్క్ మీద చాలామంది కలిసి ఉత్త మాటలతో ఆడే ఆటలివి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ పీడీపీ-10 యంత్రం మీద కట్టిన ‘మడ్’తో ఈ వంశం మొదలైంది. 1989లో కార్నెగీ మెలన్‌లో జేమ్స్ ఆస్ప్‌నెస్ ‘టైనీమడ్’ రాశాడు. అందులో ఆటగాళ్లే గదులు కట్టుకోవచ్చు. డిగ్ అనే ఆదేశం కొడితే గది పుడుతుంది, డిస్క్రైబ్ కొట్టి నాలుగు వాక్యాలు రాస్తే దానికి గోడలు, వెలుతురు, వాసన వస్తాయి. ఆ వెనకే లారీ ఫోర్డ్ టైనీమష్, జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో పావెల్ కర్టిస్ ల్యాంబ్డామూ వచ్చాయి. మొదట చెప్పిన టైనీమక్స్, పొట్టిగా మక్స్, ఈ మష్ కుటుంబంలోదే. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల డికూమడ్‌ది ఇంకో శాఖ. అక్కడ గదులు ముందే రాసిపెట్టి ఉంటాయి, ఆటగాళ్లు వచ్చి పోరాడతారు.

సర్వర్ ప్రోగ్రాం పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు, దాని ప్రతులు ఎన్నోచోట్ల ఉంటాయి. డేటాబేస్ ఒక్కటే ఉంటుంది. వందలమంది రాత్రులు మేలుకుని రాసిన వాక్యాలు ఇంకెక్కడా దొరకవు. అందుకే యంత్రం మారినప్పుడు విజార్డ్ చెయ్యి వణుకుతుంది.

అసలు చిక్కు ఎక్కడ? మన శాసనాల్లో శక సంవత్సరాన్ని పదాలతో చెప్పే పద్ధతి ఒకటుంది. వేద, బాణ, గగన, శశి అన్నారనుకోండి. వేదాలు నాలుగు, బాణాలు ఐదు, గగనం సున్న, శశి ఒకటి. పద్ధతి తెలియనివాడు 4501 అని చదువుతాడు. తెలిసినవాడు ఒకట్ల స్థానం ముందు చెప్పారని గ్రహించి 1054 అంటాడు. యంత్రాల్లోనూ సరిగ్గా ఇదే తేడా. ఇంటెల్ ప్రాసెసర్ సంఖ్యలో చిన్న స్థానపు బైటును ముందు రాస్తుంది. ఒకప్పుడు విశ్వవిద్యాలయాల్లో కనిపించిన సన్ స్పార్క్ యంత్రాలు పెద్ద స్థానాన్ని ముందు రాసేవి. డికూ ఆటల్లో కొత్త ఆటగాడు కళ్లు తెరిచే మిడ్‌గార్డ్ గుడి నంబరు 3001. ఒక యంత్రం దాన్ని రెండు బైట్లలో రాసిపెడితే, రెండోది తిరగేసి 47371 అని చదువుతుంది. ఆ నంబరు గది ఆటలో లేదు. మనిషి ఎటు పోవాలి?

డికూ సంతతిలోని సర్కిల్‌మడ్ ఆటగాళ్ల వివరాలను మెమరీలో ఎలా ఉన్నాయో అలాగే ఒకే ఫైల్లోకి దించేసేది. చకచకా పనయ్యేది, ఆ యంత్రం మీద ఉన్నంతకాలం ఏ బాధా లేదు. ఇల్లు మారిననాడు తెలిసేది నొప్పి. బైట్ల వరుస కుదిరినా సంఖ్యల వెడల్పు కుదరకపోవచ్చు. సీ భాషలో ‘లాంగ్’ అనే సంఖ్యకు 64 బిట్ లినక్స్‌లో ఎనిమిది బైట్లు, 64 బిట్ విండోస్‌లో నాలుగే. ఒక్కచోట తేడా వస్తే ఆ తర్వాతివన్నీ జరిగిపోతాయి, గుండీ ఒకటి తప్పు పెట్టుకున్న చొక్కాలాగా. తర్వాతి తరం వాళ్లు ఆటగాళ్ల ఫైళ్లను మామూలు అక్షరాల్లోకి మార్చుకున్నది ఈ బాధ పడలేకే.

మక్స్‌లోనూ ఆట నడిచేటప్పుడు వాక్యాలన్నీ డిర్, పాగ్ అనే పొడి పేర్లున్న రెండు బైనరీ ఫైళ్లలో ఉంటాయి. వెతకడానికి అవి బాగుంటాయి, ప్రయాణానికి పనికిరావు. కాబట్టి పాత యంత్రం మీదే, పాత సర్వర్‌తో వచ్చిన మార్పిడి ప్రోగ్రాంతోనే వాటిని ఫ్లాట్‌ఫైల్‌గా విప్పాలి. ఆ అక్షరాల ఫైలును దాటించి, కొత్తచోట కొత్త సర్వర్ ప్రోగ్రాంతో మళ్లీ బైనరీగా కట్టాలి. విప్పడం, మోయడం, కట్టడం. పాత యంత్రాన్ని అమ్మేశాక ఆ రెండు ఫైళ్లు పట్టుకుని తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. విప్పే చెయ్యి పోయాక మూట ఉండి ఏం లాభం? ఇంకొకటి కూడా మరిచిపోతుంటారు. ఆటలోని ఉత్తరాలు, మాట్లాడుకునే ఛానెళ్లు వేరే ఫైళ్లలో ఉంటాయి. ఊరు చేరుతుంది, తపాలా వెనకబడిపోతుంది.

ల్యాంబ్డామూ దారి ఇంకా ముచ్చటైనది. అది లోకాన్నంతటినీ మెమరీలో ఉంచుకుని, అప్పుడప్పుడు మొత్తాన్ని ఒకే అక్షరాల ఫైలుగా రాసేస్తుంది. విప్పే పని విడిగా ఉండదు. ఆటగాళ్లు రాసిన చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా అందులో చదవగలిగే రూపంలోనే ఉంటాయి, ఒక్కో ప్రోగ్రాం చివర వరుసలో ఒంటరిగా ఒక చుక్క. కొత్త యంత్రం వాటిని చదివి తనకు అర్థమయ్యేలా తనే మళ్లీ తయారుచేసుకుంటుంది. తలుపు తీస్తే కిర్రుమనాలని ఒకరు రాసిన నాలుగు వరుసలు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ రుణపడి లేవు. ఈ వంశంలో నేను అన్నిటికన్నా గౌరవించే ఆలోచన ఇది.

అక్షరాల్లోకి మార్చాం కదా, ఇక బెంగ లేదనుకోకూడదు. అక్షరాలకూ తగాదాలున్నాయి. వరుస అయిపోయిందని చెప్పడానికి యూనిక్స్, లినక్స్ 10 అనే ఒక్క బైటు రాస్తాయి. విండోస్ 13, 10 అని రెండు రాస్తుంది, టెలిటైప్ యంత్రం బండిని వెనక్కి లాగి కాగితాన్ని పైకి జరిపిన రోజుల అలవాటు. లినక్స్‌లో తీసిన డంప్‌ను, అంటే ఆ అక్షరాల ఫైలును, విండోస్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే 2018 దాకా మొత్తం ఒకే వరుసగా కనిపించేది. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీలో అక్షరాల పద్ధతి ఎంచుకుంటే దారిలోనే ఈ బైట్లు మారిపోతాయి. అందుకే పాతకాపులు ముందు కుదించి కట్టి, బైనరీ పద్ధతిలో పంపి, ఫైలు మారలేదని తేల్చే చెక్‌సమ్‌ను రెండు చివర్లా చూస్తారు.

26 అనే బైటు ఇంకా ప్రమాదం. విండోస్‌లో ఫైలును అక్షరాల పద్ధతిలో తెరిచిన ప్రోగ్రాంకి అది కనబడితే ఫైలు అక్కడితో ముగిసిందనుకుంటుంది. ఎప్పుడో ఎవరో వర్ణన మధ్యలో పొరపాటున నొక్కిన కంట్రోల్-జెడ్ చాలు, సగం ఊరు మాయం. దోషం చూపే సందేశం కూడా రాకపోవచ్చు. ఆ చివరి ‘ఎండ్ ఆఫ్ డంప్’ వరుస విలువ అప్పుడు తెలుస్తుంది. మూట విప్పగానే మొదట చూడవలసింది చివరి వరుసనే.

నా సొంత పొరపాటు వేరు. ఒక చిన్న ఆటను దాటిస్తూ, గది పేరులో ఒక అక్షరం దిద్దుదామని ఫ్లాట్‌ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి యూటీఎఫ్-8గా భద్రపరిచాను. కొత్త సర్వర్ మొదటి వరుస దగ్గరే ఆగిపోయింది. ఎడిటర్‌లో చూస్తే ప్లస్, ఎక్స్, అంకెలు, అంతా సవ్యంగా ఉంది. రెండు గంటలు పట్టింది దొరకడానికి. ఎడిటర్ ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేర్చింది, ఈఎఫ్, బీబీ, బీఎఫ్. అవి తీసేసరికి ఊరు లేచింది. అప్పటి నుంచి అసలు ప్రతిని ముట్టుకోను, దిద్దుబాట్లన్నీ నకలు మీదే.

అక్షరాల సంకేతాల తేడా తెలుగువాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. అను ఫాంట్లలో కొట్టిన పుస్తకాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గందరగోళం చూసి గుండె జారినవాళ్లు మనలో ఎంతోమంది. పాత మష్ ఆటల్లో ఫ్రెంచి అక్షరానికి ఒక బైటు సరిపోయేది. యూటీఎఫ్-8లో దానికి రెండు కావాలి. తెలుగు ‘అ’కు మూడు. మక్స్‌లో ఒక వర్ణనకు చాలాకాలం 8,000 బైట్ల హద్దు ఉండేది. తెలుగులో రాస్తే గుణింతపు గుర్తులతో కలిపి రెండువేల ఆరువందల పైచిలుకు సంకేతాలకే నిండిపోతుంది. దాటించేటప్పుడు సంకేతం మారితే హద్దు దగ్గర ఉన్న వర్ణనల తోకలు తెగుతాయి. అందుకని పొడుగు వర్ణనలను ముందే ఏరి పెట్టుకోవాలి.

ఆటగాడికొక ఫైలు పెట్టే ఆటల్లో పేర్లే ఎదురు తిరుగుతాయి. లినక్స్‌కు పెద్దక్షరపు రాము, చిన్నక్షరపు రాము ఇద్దరు మనుషులు, విండోస్‌కు ఒక్కడే. కాన్, ఆక్స్, నల్ అన్న పేర్లను విండోస్ డాస్ కాలం నుంచి తన పరికరాలకు అట్టేపెట్టుకుంది. లినక్స్ మీద ఏళ్ల తరబడి కత్తి తిప్పిన కాన్ అనే వీరుడికి విండోస్‌లో కాలు మోపే చోటుండదు.

ఇంత శ్రమ ఎందుకంటే, టైనీమడ్‌ను చూడండి. తొలి ఆట 1990లోనే మూతబడింది. దాని డేటాబేస్‌ను మాత్రం పారెయ్యలేదు. వందేళ్లకొకసారి ఒక్కరోజు మేలుకునే ఊరి కథ ఉన్న సంగీత నాటకం పేరు మీద ఆగస్టు 20ని బ్రిగడూన్ డే అన్నారు. ఆ రోజున పాత లోకాన్ని మళ్లీ లేపి, పాతవాళ్లు అందులో తిరుగుతూ వచ్చారు. ఆ డంప్ చదవగలిగే అక్షరాల్లో లేకపోతే ఆ ఒక్కరోజూ ఉండేది కాదు.

అన్నీ జాగ్రత్తగా చేసినా ఒకటి దాటదు. మష్ ఆటలు పాస్‌వర్డ్‌ను యూనిక్స్‌లోని క్రిప్ట్ అనే ప్రక్రియతో గుప్తంగా మార్చి దాచేవి. విండోస్ సీ లైబ్రరీలో ఆ క్రిప్ట్ లేదు. నంబరు 5 కింద గుప్తాక్షరాలు చెక్కుచెదరకుండా చేరతాయి, వాటితో పోల్చి చూసే సాధనం మాత్రం అక్కడ ఉండదు. అప్పుడు విజార్డ్ న్యూపాస్‌వర్డ్ ఆదేశంతో ఒక్కొక్కరికి కొత్తది ఇవ్వాలి. ఇవ్వాలంటే వచ్చినవాళ్లెవరో పోల్చుకోవాలి. ఎనిమిదేళ్ల తర్వాత ఒకరు గుమ్మంలోకి వచ్చి, ఇల్లు నాదేనంటారు. గుర్తేమిటని విజార్డ్ అడుగుతాడు. వంటింటి వర్ణనలో రెండో వాక్యం ఏం రాశారో వాళ్లు చెబుతారు. విజార్డ్ నంబరు 6 కింద చూసుకుంటాడు.