యుద్ధభూమిలో పాదిరి నేర్చిన పాఠము



సిపాయిల మధ్య దైవసేవ చేయు పాదిరికి ఎట్టి తర్ఫీదు కావలెను? మన పల్లెలనుండి కుమారులు సైన్యమునకు పోవుచున్నారు గనుక ఇది మన ప్రశ్న కూడ. ఈ విషయమై 1918లో వెలువడిన ‘ది హార్డెస్ట్ పార్ట్’ అను ఇంగ్లీషు పుస్తకమును పరిశీలింతము.

రచయిత జెఫ్రీ స్టడర్ట్ కెన్నెడీ ఆంగ్లికన్ గురువు. ఆయన 1915 చివర ఇంగ్లండులోని ఉస్టర్ పట్టణపు సంఘమును విడిచి ఫ్రాన్సు యుద్ధభూమికి పోయెను. వేదశాస్త్రము చదివినవాడే గాని ఫిరంగుల మ్రోతలో చనిపోవుచున్నవానితో ఏమి చెప్పవలెనో ఏ పాఠశాలయు ఆయనకు నేర్పలేదు. వుడ్‌బైన్ సిగరెట్లు పంచిపెట్టుటచేత సిపాయిలు ఆయనను ‘వుడ్‌బైన్ విల్లీ’ అని పిలిచిరి. 1917లో మెస్సీన్ యొద్ద గుండ్ల నడుమ గాయపడినవారికి సహాయము చేసినందున మిలిటరీ క్రాస్ పతకము పొందెను.

ఆసుపత్రిలో గాయపడియున్న ఒక అధికారి, దేవుడు ఎట్టివాడని ఆయనను అడిగెను. పాదిరి గోడమీది సిలువను చూపించెను. నేనడిగినది సర్వశక్తిగల తండ్రినిగూర్చి, ఈ గాయపడిన యేసునుగూర్చి కాదని ఆ అధికారి బదులు చెప్పెను. ఆ ప్రశ్నను తప్పించుకొనక, దేవుడు మనతోకూడ శ్రమపడుచున్నాడని రచయిత పుస్తకమంతట వాదించెను. వినువాని నొప్పిని మొదట వినుట ఈ గ్రంథములోని మేలు.

అయితే రెండు లోపములు చెప్పక తప్పదు. దేవుని శ్రమను చూపు తొందరలో రచయిత ఆయన సర్వశక్తిని మిక్కిలి తగ్గించెను. బిడ్డను పాతిపెట్టిన తల్లికి తనతో ఏడ్చు ప్రభువు కావలెను. సమాధినుండి లాజరును పిలిచిన ప్రభువు కూడ కావలెను. ఒకరిని ఇచ్చి ఒకరిని తీసివేసినయెడల ఆమెకు నిరీక్షణ ఎక్కడిది?

రెండవది పుస్తకముకంటె రచయిత సేవకు చెందినది. యుద్ధకాలమున ఆయన మల్లయోధులతోకూడ తిరిగి, తుపాకి బాకు ప్రయోజనమును పొగడుచు సిపాయిలకు ఉపన్యాసములిచ్చెను. సిపాయిని ప్రేమించుట వేరు, చంపుటకు వానిని పురికొల్పుట వేరు. యుద్ధానంతరము ఆయనే యుద్ధమును గట్టిగా ఖండించెను. పాదిరి సేనాధిపతి మాట ఎంతవరకు వినవలెనో, ఎక్కడ ప్రభువు మాటకే నిలువవలెనో తర్ఫీదులోనే తేల్చుకొనవలెను. యుద్ధము ముగిసినపిమ్మట తెలిసిన లాభమేమి?

ఆయన ఇచ్చిన ఒక సలహా మాత్రము నిలిచియున్నది. యాభై దాటిన వయస్సులో 1916లో సైన్యసేవకు వచ్చిన థియొడోర్ హార్డీ అను గురువుతో, సిపాయిలున్నచోటనే ఉండుమని ఆయన చెప్పెను. హార్డీ అట్లే చేసి, విక్టోరియా క్రాస్ పొంది, 1918 అక్టోబరులో గాయములవలన మృతిపొందెను.

చదువరీ, ఆ సలహా ఊరి సంఘమునకును చెల్లును. మీ వీధిలో సిపాయి కుమారుని ఉత్తరము రాక కనిపెట్టుచున్న తల్లి యున్నదేమో చూడుము. ఆదివారమువరకు ఆగక నేడే వెళ్లి ఆమెయొద్ద కూర్చుండుము.