అప్పగింతల దగ్గర ఆగిపోయే డిస్కు

నూజివీడులో పనితనం అనగానే పనస కర్రతో చేసే వీణల మాట వస్తుంది. రావలసిందే. అయితే అదే ఊళ్ళో, చుట్టూ ఉన్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి పల్లెల్లో చాలా ఇళ్ళ బీరువాల్లో ఇంకో గొప్ప పనితనం పడి ఉంది. ఎవరూ దాన్ని ఆ కంటితో చూడరు. పెళ్ళి ఆల్బమ్ పక్కన ప్లాస్టిక్ డబ్బాలో, వధూవరుల ఫొటో స్టిక్కరు అంటించి ఉన్న డీవీడీ అది.

మా వైపు వేసవి ముహూర్తాలూ మామిడి కోతలూ కలిసే వస్తాయి. బంగినపల్లి, రసాలు లారీలకెక్కే రోజుల్లోనే పందిళ్ళూ లేస్తాయి. క్యాసెట్లు పోయాక, పెన్‌డ్రైవ్‌లు రాకముందు, ఆ పెళ్ళిళ్ళన్నీ డీవీడీల మీదికే ఎక్కాయి. స్టూడియోవాళ్ళు మిక్సింగ్ చేసి, పాటలు వేసి, రైటర్‌లో పెట్టి ఇచ్చిన ఆ డిస్కులు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. కాశీయాత్ర బాగానే వస్తుంది. జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ వస్తాయి. తలంబ్రాలు కొంచెం తడబడతాయి. అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి, మాట తెగిపోయి, స్ట్రక్ అయిపోతుంది. పెళ్ళికూతురి తల్లి మళ్ళీ చూడాలనుకునే ఘట్టం సరిగ్గా అదే.

అక్కడే ఎందుకు ఆగుతుందో తెలియాలంటే డిస్కు ఎలా తయారైందో చూడాలి. చూసినకొద్దీ, ఇది ఇన్నేళ్ళు ఆడిందంటేనే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. ఒకే పలకలా కనిపిస్తుంది గానీ, నిజానికి 0.6 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ పలకలు రెండిటిని జిగురుతో అతికించి చేస్తారు. సమాచారం ఆ రెంటి నడుమ ఉంటుంది. పాత సీడీలో అది లేబుల్ వైపు పల్చటి లక్క పూత కిందే ఉండేది కాబట్టి, పైన గోరు గీసుకున్నా పాట పోయేది. డీవీడీ చేసినవాళ్ళు సమాచారాన్ని రెండు వైపుల నుంచీ కాపాడారు.

లోపలున్న దారి ఒకే ఒక్క సర్పిలం. మధ్య నుంచి 24 మిల్లీమీటర్ల దూరంలో మొదలై, 58 మిల్లీమీటర్ల దాకా చుట్టుకుంటూ పోతుంది. చుట్టుకీ చుట్టుకీ ఎడం 0.74 మైక్రాన్లు. 70 మైక్రాన్ల మందం ఉన్న తల వెంట్రుకను అడ్డంగా పెడితే దాని కింద 90కి పైగా చుట్లు పడతాయి. మొత్తం దాదాపు 46 వేల చుట్లు, విప్పి పరిస్తే 12 కిలోమీటర్ల దారి. ఆ దారి మీద అతి చిన్న గుర్తు పొడవు 0.4 మైక్రాన్లు. సినిమా కంపెనీల డిస్కుల్లో ఈ గుర్తులు అచ్చుతో వత్తిన గుంటలు, వాటిమీద అల్యూమినియం పూత. స్టూడియోలో రైట్ చేసిన డిస్కులో గుంటలు ఉండవు. ముందే తీసిన సన్నని గాడిలో రంగు పూసి ఉంటుంది. రైటర్‌లోని లేజర్ ఆ రంగును అక్కడక్కడా కాల్చి గుర్తులు పెడుతుంది. అందుకే ఆ పనికి ‘బర్నింగ్’ అని పేరు.

ఈ గుర్తులను చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. నాకు చాలా ఇష్టమైన ఉపాయం ఇక్కడుంది. కిరణం డిస్కు పై ముఖాన్ని తాకే చోట వెలుగు చుక్క దాదాపు అర మిల్లీమీటరు వెడల్పుంటుంది. పాలీకార్బొనేట్‌లోంచి దిగుతూ సన్నబడి, గాడిని చేరేసరికి అర మైక్రాను కన్నా కాస్త ఎక్కువ వెడల్పుకు కుంచించుకుపోతుంది. పైన పడ్డ దుమ్ము రేణువు ఆ అర మిల్లీమీటరు వెలుగులో చిన్న మచ్చ మాత్రమే. తక్కిన వెలుగు దాన్ని దాటుకుని కిందికి పోతుంది. మామిడి తోటల మధ్య ఉన్న ఇంట్లో, నడివేసవిలో, తలుపులు తీసి పెట్టుకున్న గదిలో డిస్కు ఆడిందంటే సగం ఈ పుణ్యమే. తిరిగే డిస్కు 0.3 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఊగినా డీవీడీల ప్రమాణం ఒప్పుకుంటుంది. అంత ఊగులాటలో కూడా లెన్సు తన చుట్టూ ఉన్న తీగ చుట్టల సాయంతో డిస్కుతోపాటు లేస్తూ దిగుతూ, గురిని ఒక మైక్రాను లోపే నిలబెడుతుంది.

గుర్తుల పొడవుల్లోనూ ఒక క్రమశిక్షణ ఉంది. ప్రతి 8 బిట్లనూ 16 బిట్ల సంకేతంగా మార్చి రాస్తారు. దానివల్ల ఏ గుర్తూ మూడు యూనిట్ల కన్నా పొట్టిగా ఉండదు, పదకొండు కన్నా పొడుగుగా ఉండదు. వరస మొదలు తెలిపే గుర్తు ఒక్కటే పద్నాలుగు. ఒక యూనిట్ అంటే 0.133 మైక్రాన్లు. గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆ అంచే అక్షరం. రంగు వెలిస్తే మొదట చెదిరేది ఆ అంచులే. మూడు నాలుగుగా, నాలుగు అయిదుగా చదవబడుతుంది.

తప్పుగా చదివినా బొమ్మ సరిగ్గానే రావడం ఈ పనితనంలో శిఖరం. 1960లో అమెరికాలో ఎర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు గణితజ్ఞులు అయిదే పేజీల వ్యాసం ఒకటి ప్రచురించారు. దూరాన ఉన్న వాయేజర్ నౌక పంపిన చిత్రాలు, 1982లో వచ్చిన సీడీ, ఇవాళ కిరాణా కొట్లో స్కాన్ చేసే క్యూఆర్ కోడ్, అన్నీ ఆ లెక్క మీదే నడుస్తున్నాయి. డీవీడీలో దాన్ని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి వాడారు.

చదరపు పద్ధతిలో నాటిన మామిడి తోటను ఊహించుకోండి. 192 వరసలు, వరసకు 172 చెట్లు. ప్రతి వరస చివరా ఆ వరసలోని చెట్ల లెక్క చెప్పే కొయ్యలు పది, ప్రతి నిలువు సాలు అడుగునా పదహారు పాతారు. ఒక వరసలో అయిదు చెట్ల దాకా మారిపోతే, ఆ వరస కొయ్యలే ఏవి మారాయో, అసలు ఏవి ఉండాలో చెప్పేస్తాయి. గాలివాన వచ్చి వరసకు వరసే కూలితే అడ్డ కొయ్యలు ‘ఈ వరస నమ్మకండి’ అని మాత్రం అనగలవు. అప్పుడు నిలువు సాళ్ళ కొయ్యలు అందుకుంటాయి. ఏ వరసలు పోయాయో ముందే తెలిసింది కాబట్టి, పదహారు వరసలు పూర్తిగా నేలమట్టమైనా ప్రతి చెట్టునూ దాని చోట తిరిగి నిలబెడతాయి. డిస్కు మీద ఈ తోట ఒక్కోటి 32 కిలోబైట్ల సమాచారం. పదహారు వరసలంటే, దారి వెంట దాదాపు 6 మిల్లీమీటర్ల పొడవున ఏమీ కనబడకపోయినా ఒక్క అక్షరం నష్టపోకుండా చదవగలదన్నమాట. దీన్ని ప్లేయర్ సినిమా నడుస్తుండగానే, చూసేవాళ్ళకు తెలియనివ్వకుండా చేస్తుంది.

కొత్త డిస్కు కూడా నిర్దోషి కాదు. వరసగా ఎనిమిది తోటలు తీసుకుంటే వాటిలో కొయ్యలతో కలిపి 1,664 వరసలుంటాయి. వాటిలో 280 వరసల దాకా తప్పులున్నా డిస్కు బాగున్నట్టేనని ప్రమాణం చెబుతుంది. లోకంలో దుమ్ము ఉంటుందని, వేళ్ళకు చెమట పడుతుందని, రంగు వెలుస్తుందని ముందే ఒప్పుకుని గీసిన నమూనా ఇది. అటువంటి వినయం యంత్రాల్లో అరుదు.

ఆ మంచితనమే మనల్ని ఏమరుస్తుంది. వీడియో క్యాసెట్ పాడవుతుంటే గీతలు పడుతూ, రంగులు పాలిపోతూ ఏళ్ళ ముందే చెప్పేది. డీవీడీ చెప్పదు. నష్టాన్ని దిద్దుకుంటూ, కొయ్యలన్నీ ఖర్చయ్యేదాకా నిండు బొమ్మనే చూపిస్తుంది. పదిహేడో వరస కూడా పోయిన రోజున ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. నిరుడు బాగా ఆడిన డిస్కు ఈ ఏడు ఆడలేదంటే, అది లోలోపల చాలా ఏళ్ళుగా అరుగుతూ ఉందని అర్థం.

ఇక అప్పగింతల సంగతి. డీవీడీ లోపలి చుట్టులో మొదలై అంచు వైపు పోతుంది. నిండా రాసిన డిస్కులో కాశీయాత్ర మధ్య రంధ్రానికి దగ్గరలో ఉంటుంది, అప్పగింతలు అంచున ఉంటాయి. మనం పట్టుకునేది అంచునే. రెండు పలకల అతుకులోకి తేమ చొరబడేది అంచు నుంచే. డిస్కు వంగితే వంపు ఎక్కువ తెలిసేదీ అక్కడే. వీటికి తోడు, 16 రెట్ల వేగంతో రాసే రైటర్ ఆ పూర్తి వేగం అందుకునేది కూడా అంచు దగ్గరే. ముహూర్తాల రద్దీలో త్వరగా రాసిచ్చిన డిస్కులో చివరి ఘట్టమే అన్నిటికన్నా హడావిడిగా రాసినది.

ఎండ సంగతి వేరే చెప్పాలా? డిస్కులను 20 డిగ్రీలు దాటని చోట, పొడిగా ఉంచమని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో విడుదల చేసిన పుస్తకం సలహా ఇస్తుంది. మే నెలలో నూజివీడులో ఆ చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? అంటించే లేబుళ్ళు వద్దని కూడా అందులో ఉంది. ముచ్చటపడి వేయించుకున్న ఆ ఫొటో స్టిక్కరు వేడికి ముడుచుకుంటూ డిస్కును ఒక వైపు లాగుతుంది. ఇప్పుడు దాన్ని పీకబోతే ఇంకా ప్రమాదం. అలాగే ఉండనివ్వండి.

రైట్ చేసిన డిస్కులదే ఈ కష్టమనుకోనక్కరలేదు. 2006–2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్ని చెడిపోతున్నాయని వార్నర్ బ్రదర్స్ సంస్థ 2025లో ఒప్పుకుంది. అవి అచ్చు వత్తిన డిస్కులే.

తుడవడానికీ ఈ నిర్మాణమే దారి చూపిస్తుంది. మెత్తని నూలు బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. బట్టలో ఇసుక రేణువుండి అడ్డంగా గీత పడితే, అది ఒక్కో చుట్టులో ఒక్కో చోట కొంచెమే తింటుంది, కొయ్యలు దిద్దుకుంటాయి. గుండ్రంగా పడితే ఆ గీత దారి వెంటే నడిచి, 6 మిల్లీమీటర్ల హద్దును సులువుగా దాటేస్తుంది. టూత్‌పేస్టు వైద్యం జోలికి పోకపోవడమే మంచిది. రంగు వెలిసిన డిస్కుకు పైముఖం ఎంత రుద్దినా లాభం లేదు.

బయటపడే దారి మాత్రం ఉంది. ప్లేయర్ ఆగిపోవడానికి కారణం పెళ్ళంతా పోవడం కాదు. చదవలేని ఒకే ఒక్క తోట దగ్గర అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ నిలిచిపోతుంది. ఆ 32 కిలోబైట్లు మామూలు పెళ్ళి వీడియోలో సెకనులో ఇరవయ్యో వంతు. తర్వాతి పూర్తి చిత్రం వచ్చేదాకా గళ్ళు కనిపిస్తాయి కాబట్టి సుమారు అర సెకను చెడుతుంది. దాన్ని దాటగలిగితే అవతల పెళ్ళికూతురు ఉంది, వాళ్ళ నాన్న ఉన్నాడు. అందుకని డిస్కును టీవీ కింది ప్లేయర్‌లో కాకుండా కంప్యూటర్ డ్రైవులో పెట్టాలి. ‘జీఎన్‌యూ డీడీరెస్క్యూ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మొదట తేలిగ్గా వచ్చేదంతా తీసేసుకుని, మొండికేసిన చోట్లను ఒక పట్టీలో రాసుకుంటుంది. తర్వాత ఆ చోట్లకే తిరిగి వెళ్ళి ఓపికగా అడుగుతుంది.

ఒక డ్రైవు చదవలేనిదాన్ని వేరే కంపెనీ డ్రైవు చదవడం మామూలే, లెన్సులూ గురి పట్టే తీరూ వేరు కాబట్టి. అదే పట్టీతో డిస్కును రెండో డ్రైవులో పెడితే ఖాళీలను మాత్రమే పూరిస్తుంది. మామిడి పూత సమయంలో, వాతావరణం చల్లగా ఉన్నప్పుడు ఈ పని పెట్టుకుంటే నయం. వచ్చిన ఫైళ్ళను చిన్నవి చేయకుండా, మళ్ళీ మిక్సింగ్ చేయకుండా, ఉన్నవి ఉన్నట్టే రెండు హార్డ్ డిస్కుల్లో దాచి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. అసలు డిస్కును కూడా పారేయకండి. ఇవాళ రాని అర సెకను ఇంకో డ్రైవులో రావచ్చు.