అన్నం పెట్టే చేతికి

అన్నం పెట్టే చెయ్యీ, నీకు దణ్ణం.

నీ మీద ఒక అభియోగం ఉంది. చాలా పాతది. నువ్వు పెట్టే ప్రతి ముద్దలోనూ నీ వాటా ఏదో దాచుకుంటావట. పుణ్యమో, పేరో, ఏదీ కాకపోతే ఆ రాత్రి కంటినిండా నిద్రో. "లాభం లేకుండా ఎవరు పెడతారండీ!" అంటాడు అరుగు మీది పెద్దమనిషి. అదీ ఎవరింట్లోనో పప్పూ పులుసూ కానిచ్చి, తాంబూలం నములుతూ అంటాడు. నీ దగ్గర దొరికే సొమ్మేమిటో వెతకడం ఆయనకి భోజనానంతరం కాలక్షేపం.

నీ తరఫున వాదించడానికి రాలేదు నేను. నీ పాట పాడదామని వచ్చాను. పాడాలంటే ముందు ఊరు చెప్పాలి. కోనసీమలో లంకల గన్నవరం, వైనతేయ ఒడ్డు. గోదావరి పాయలు అడుగడుగునా అడ్డుపడే ఆ లంకల్లో ప్రయాణమంటే పడవ కోసం కాచుకోవడం. పడవ దాటితే పొద్దు వాలడం. పొద్దు వాలితే ఏ అరుగెక్కి ఎవర్ని అడగాలో తెలియక నిలబడడం. అలా నిలబడ్డవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక ఇల్లుండేది. డొక్కా సీతమ్మగారి ఇల్లు.

1841లో మండపేటలో పుట్టిందావిడ. తండ్రి భవానీశంకరం, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు బువ్వ పెడుతుంటే ఊరు ఆయన్ని బువ్వన్న అని పిలుచుకుంది. కూతుర్ని గన్నవరంలో డొక్కా జోగన్నగారికిచ్చారు. పెద్ద కమతం, నిండిన గాదెలు. ఇక చేతికి అడ్డేముంది? 1909లో కన్నుమూసేదాకా ఆ ఇంటి పొయ్యి ఆరలేదంటారు.

ఆ వంటిల్లు నేను చూడలేదు. అలాంటివి చూశాను. దొడ్లో తవ్విన గాడిపొయ్యి, దాని మీద వరసగా మసిబారిన గుండిగలు. కొబ్బరి మట్టల మంట ఒక్కసారిగా లేచి ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ ఎగదొయ్యాలి. ఇద్దరు మనుషులు తడిగుడ్డలతో గుండిగ అంచు పట్టుకుని గంజి వారుస్తుంటే ఆవిరి మొహానికి కొట్టి కళ్ళు మూసుకుపోతాయి. అయినా చేతులు వంచాల్సినంతే వంచుతాయి. అరిటాకు మీద నీళ్ళు చిలకరించి అరచేత్తో తుడిచి, ఎడమవైపు కొస ఉండేలా పరిచి, ముందు పప్పు, తర్వాత కూర, మధ్యలో పొగలుగక్కే అన్నం. తినేవాడు చెయ్యి అడ్డుపెడతాడు. ఆ వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటెడు జారుతుంది. "చాలు తల్లీ" అన్న మాటని నువ్వు ఒక్కసారికి ఎప్పుడన్నా విన్నావా, చెయ్యీ? మోమాటస్థుడి "చాలు" వేరు, కడుపు నిండినవాడి "చాలు" వేరు అని నీకెవరు నేర్పారు?

స్వార్థమంటే చూపు తన మీద ఉండడం. కొసరి కొసరి వడ్డించేటప్పుడు నీ చూపంతా ఎదుటి ఆకు మీద ఉంటుంది. ఏ ఆకులో పులుసు అయిపోయింది, ఏ పిల్లాడు కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, వరస చివర కూర్చున్న ముసలాయనకి మజ్జిగ అందిందా. అంత పనిలో తన పుణ్యం లెక్క చూసుకునే తీరిక ఎవరికుంటుంది? ఆ లెక్క తర్వాత ఎవరో వచ్చి వేస్తారు.

ఒక కథ ఉంది, కోనసీమలో ఎవర్నడిగినా చెబుతారు. సీతమ్మగారు జీవితంలో ఎప్పుడో ఒకసారి తీరిక చేసుకుని, అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారట. దారిలో ఒక పెళ్ళివారి గుంపు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఆ మాట పల్లకీలోకి వినబడింది. ఆవిడ బోయీల్ని వెనక్కి తిప్పమన్నారు.

ఇక్కడే అరుగు మీది పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. చూశారా, తన పేరు వినబడ్డాకే కదా వెనక్కి తిరిగింది! కాదనను. పేరు వినబడింది. చెవికి ఇంపుగానే ఉండి ఉంటుంది, మనిషే కదా. కానీ పేరు మీదే మోజైతే, అది దారిలోనే ఉచితంగా దొరికింది, ముందుకు సాగిపోవచ్చు. పుణ్యం మీదే గురి అయితే అంతర్వేది ఉండనే ఉంది. రెండూ ముందు వైపే ఉన్నాయి, పల్లకీ మాత్రం వెనక్కి తిరిగింది. "వెళ్ళకపోతే మనసు ఊరుకోదు కనుక తిరిగింది, అదీ స్వార్థమే" అంటారా, అనండి. ఎవరో పిల్లల ఆకలికి తన మనసు ఊరుకోకపోవడమే స్వార్థమైతే, ఆ స్వార్థం కోసమే నేను ఈ స్తోత్రం రాస్తున్నది.

ఆవిడ కాలంలోనే ఇంకో రకం చెయ్యి కూడా ఉండేది. తూకపు చెయ్యి. 1876 నుంచి 78 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పెద్ద కరువు కాల్చింది. కరువు పనుల్లో మన్ను మోసేవాళ్ళకి రోజుకి ఒక పౌను గింజలూ కాసిని చిల్లరా చాలునని, కరువు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ దొర తీర్మానించాడు. ఖజానాకి పొదుపు కావాలి, జనం ఉచితానికి అలవాటు పడకూడదు. నిజంగా ఆకలేనా అని అడుగుతూ కూర్చున్న ప్రభుత్వం కళ్ళెదుట లక్షల మంది పోయారు. ఆ రోజుల్లో గోదావరి డెల్టాలో వరి పండిందంటే దానికి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టా, కాటన్ దొర కాలవలూ కారణం. ఈ మాట దాచకూడదు. కరువు సీమలో పుట్టి ఉంటే నువ్వెంత గొప్ప చెయ్యివైనా ఉత్త గరిటె పట్టుకుని ఏడ్చేదానివి. దయకి కూడా కాలవ నీళ్ళు కావాలి.

పుచ్చుకునేవాణ్ణి ముందు నిలబెట్టి ఫోటో తీసుకునే కాలం ఇది. ఒక అరటిపండు, దాన్ని పట్టుకున్న ఎనిమిది చేతులు, మంచం మీద రోగి బిక్కమొహం. గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు. తిరిగితే చదవలేం, చదవాలంటే ఆపాలి. నవ్వొస్తుంది గానీ ఆ గాలి మాత్రం చల్లగానే ఉంటుంది సుమా. పేరు కోసం పెట్టిన ఫ్యానైనా ముసలమ్మ చెమట ఆరుతుంది. ఆ పాపం వాడిది, గాలి ఆవిడది.

సీతమ్మగారికీ ఒక ఫోటో ఉంది. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి ఆవిడని పిలిచారని, రానన్నారని, కనీసం బొమ్మైనా పంపమన్నారని చెబుతారు. ఫోటోకీ ఒప్పుకోలేదట. "మీ ఫోటో పంపకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా" అని వచ్చిన అధికారి వాపోయాడట. అప్పుడు కూర్చున్నారు. ఆ కథే నిజమైతే, చెయ్యీ, ఆ బొమ్మ కూడా నువ్వు వడ్డించిందే.

రంతిదేవుడూ ఉన్నాడు మనకి, భాగవతం నవమ స్కంధంలో. నలభై ఎనిమిది రోజుల పస్తు తర్వాత దొరికిన అన్నం వచ్చినవాళ్ళకి పెట్టేసి, మిగిలిన గుక్కెడు నీళ్ళూ దాహమన్నవాడికి పోసినవాడు. మోక్షం కూడా వద్దు, ప్రాణుల దుఃఖం నాకివ్వండి చాలన్నాడు. అయినా కథ అక్కడితో ఆగదు. చివర్లో దేవతలు దిగి ప్రత్యక్షమవుతారు. వద్దన్నవాడికి కూడా ఏదో ఒకటి ముట్టజెప్పకపోతే మనకి తోచదు. వెలితి ఇచ్చినవాడిలో లేదు, చూసేవాళ్ళలో ఉంది.

గన్నవరంలో వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి సీతమ్మగారి పేరే పెట్టారు. కింద నది, పైన కాలవ నీళ్ళు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఆవిడ పేరు మీదే సాగుతోంది. ప్రభుత్వం పెట్టే అన్నంలో ఓట్ల లెక్క ఉండదని ఎవరూ ప్రమాణం చెయ్యరు, చెయ్యనక్కర్లేదు. సాంబారు పల్చగా ఉందని మూతి ముడుచుకునే మూడో తరగతి పిల్లకి సీతమ్మ ఎవరో తెలియదు. కోడిగుడ్డు పచ్చసొన ముందే తినేసి, పక్కదాని కంచంలోకి చూస్తూ, ఆయమ్మ చీరకొంగు లాగుతుంది: "అమ్మా, ఇంకొంచెం అన్నం."

వెయ్యి, చెయ్యీ. ఈసారి పులుసు కాస్త ఎక్కువ పొయ్యి.